పెద్ద చేప, ప్లాస్టిక్ ఎర్ర

లార్జ్‌మౌత్ బాస్ అనే చేప ఎరను కొరికి తినదు, పీల్చి మింగుతుంది. ఎర దగ్గరికి జరిగి, ఒక్కసారిగా నోరు బార్లా తెరుస్తుంది. నోటి లోపలి గది విచ్చుకుంటుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది, ముందున్న నీరు ఎరతో సహా లోపలికి దూకుతుంది. నీరు మొప్పల గుండా బయటికి పోతుంది, ఎర మిగిలిపోతుంది. ఇదంతా సెకనులో పదో వంతు లోపే అయిపోతుంది. నచ్చకపోతే ఇంచుమించు అంతే వేగంగా ఉమ్మేస్తుంది కూడా.

ఈ పీల్పుకు బలం ఎక్కణ్ణుంచి వస్తుందన్నది 2015లో తేలింది. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో ఏరియల్ క్యాంప్, థామస్ రాబర్ట్స్, ఎలిజబెత్ బ్రెయినర్డ్ అనే శాస్త్రవేత్తలు బాస్ చేపలు మేత తింటుండగా అతివేగ ఎక్స్‌రే వీడియోలు తీసి, లోపలి ఎముకల కదలికను త్రీడీలో కట్టి చూశారు. అంత పని చేయగల శక్తి తలలోని చిన్న కండరాలకు లేదు. పీల్పుకు కావలసిన శక్తిలో 95 శాతం దాకా ఈదడానికి వాడే ఒంటి కండరాల నుంచే వస్తోంది. నాలుగు కిలోల బాస్ నోరు తెరిచిందంటే దాని వెనక ఒళ్లంతా పనిచేస్తోందన్నమాట.

అంత బలమున్నా ఆ పీల్పు అందే దూరం చాలా తక్కువ. నోటి వెడల్పు ఎంతో, ఇంచుమించు అంతే. అది దాటితే నీటి వేగం చప్పున పడిపోతుంది. కొబ్బరిబోండాంలో స్ట్రా మొన నీటికి ఆనితేనే గుటక పడుతుంది, కాస్త ఎడం ఉంటే ఎంత పీల్చినా గాలే. బాస్ కూడా ఎరకు అంత చేరువగా రావాలి. వచ్చాక ఎర నీటితో పాటు తేలిగ్గా కదిలి లోపలికి పోవాలి. బరువుకు బిగించి కట్టిన ఎర, బిగుసుకున్న దారానికి వేలాడుతున్న ఎర దారి మధ్యలోనే ఆగిపోతుంది. చేప నోట్లో పడాల్సింది పెదవికి తగిలి తప్పిపోతుంది.

వానపాము ఆకారంలో పోతపోసిన మెత్తని ప్లాస్టిక్ ఎర్రతో పెద్ద బాస్‌ను పట్టే విద్య అంతా ఈ క్షణం చుట్టూనే అల్లుకుంది. దుకాణంలో దొరికే ప్లాస్టిక్ ముక్క అందరికీ ఒకటే. దాన్ని కొక్కేనికి ఎలా గుచ్చారు, బరువు ఎక్కడ పెట్టారు, ముల్లు మొన ఎక్కడ దాచారు అన్నవే అది ఏ చోటికి పోగలదో, ఎంత నెమ్మదిగా దిగుతుందో, చేప నోట్లో ఏం చేస్తుందో తేలుస్తాయి. ఈ అమరికను అమెరికా గాలగాళ్లు రిగ్ అంటారు. పెద్ద చేపలు పట్టేవాళ్లకూ చిన్న చేపలతో సరిపెట్టుకునేవాళ్లకూ మధ్య ఉన్న తేడాలో చాలా భాగం రిగ్‌లోనే ఉంటుంది.

మెత్తని ఎర్ర పుట్టింది ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో. టైర్ల కంపెనీలకు పేరుమోసిన ఊరది. 1949లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా తమ వంటింటి పొయ్యి మీద వినైల్ ప్లాస్టిక్‌ను, నూనెలను, రంగులను కలిపి మరిగించి, నిజమైన వానపాము నుంచి తీసిన అచ్చులో పోశారు. అంతకుముందు రబ్బరు ఎర్రలు లేకపోలేదు గానీ అవి గట్టిగా ఉండేవి, నీళ్లలో కర్రముక్కల్లా పడేవి. క్రీమ్ దంపతుల ఎర్ర వంగింది, వణికింది. రెండేళ్లలోనే పోస్టు ద్వారా అమ్మకాలు మొదలయ్యాయి. 1960 ప్రాంతంలో వాళ్ల వ్యాపారం టెక్సస్‌లోని టైలర్ పట్నానికి చేరింది.

పదార్థం ఈనాటికీ దాదాపు అదే. సన్నని పీవీసీ పొడిని ద్రవ రూపంలోని ప్లాస్టిసైజర్‌లో కలిపితే పాలలాంటి ద్రావణం వస్తుంది. దాన్ని 175 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే పొడి రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చల్లారాక మిగిలేది మెత్తని, సాగే ముద్ద. ప్లాస్టిసైజర్ పాలు పెంచితే మరింత మెత్తన, తగ్గిస్తే గట్టి. ఉప్పు కలిపితే బరువు పెరుగుతుంది.

టైలర్‌కు చేరడం ఈ కథలో ముఖ్యమైన మలుపు. తూర్పు టెక్సస్ అంతా ఆనకట్టలు కట్టి నింపిన జలాశయాలు. చెట్లు కొట్టకుండానే నీరు నింపిన చోట్లు చాలా ఉన్నాయి. నీటి అడుగున మోడులు, పడిపోయిన మానులు, కొమ్మల చిక్కులు, వాటి మీద నాచు. బాస్‌కు అంతకంటే మంచి కాపురం లేదు. నీడ ఉంటుంది, పొంచి కూర్చునే చోటు ఉంటుంది, చిన్న చేపలు దారి తప్పి దగ్గరికి వస్తాయి. పెద్ద చేప మంచి మోడును చూసుకుని అక్కడే స్థిరపడుతుంది. వెంటాడి తిరిగితే ఖర్చయ్యే శక్తి, తిన్నదాని నుంచి వచ్చే శక్తి కంటే ఎక్కువ కాకూడదు. ఒళ్లు పెరిగేకొద్దీ ఈ లెక్క మరీ బిగుసుకుంటుంది. అందుకే పెద్ద బాస్ ఉండే చోటికే ఎర వెళ్లాలి. మొన బయటికి ఉన్న మామూలు గాలం ఆ చిక్కుల్లోకి వేస్తే మొదటి విసురులోనే కొమ్మకు పట్టుకుంటుంది.

దీనికి తూర్పు టెక్సస్ గాలగాళ్లు కనిపెట్టిన జవాబే టెక్సస్ రిగ్. ముల్లు మొనను ఎర్ర ఒంట్లోనే దాచెయ్యడం. కొమ్మకు తగిలినా, నాచులో దూరినా ఏదీ పట్టుకోదు. చేప నోట్లో నలిగినప్పుడు మాత్రం మెత్తని ప్లాస్టిక్ వెనక్కి ముడుచుకుని మొన బయటపడుతుంది.

దీన్ని కట్టే తీరు చూడటానికి తేలిక, సరిగ్గా చేయడానికి ఓపిక కావాలి. ముందు తూటా ఆకారంలో ఉన్న బరువును, మొన పైకి ఉండేలా, దారానికి ఎక్కించాలి. తర్వాత కొక్కేన్ని ముడివెయ్యాలి. కొక్కెం కూడా మామూలుది కాదు. కన్ను కిందే రెండు మెలికలు తిరిగి, ఎర్ర తల జారకుండా పట్టుకునేలా ఉంటుంది. మొనను ఎర్ర తలలోకి నిలువుగా పావు అంగుళం దింపి పక్కకు తీయాలి. కొక్కేన్ని లాగుతూ పోతే మెలిక దగ్గరికి వచ్చి తల ఆగుతుంది. అప్పుడు కొక్కేన్ని సగం చుట్టు తిప్పి మొనను ఎర్ర ఒంటి వైపు పెట్టాలి. ఇక్కడ ఆగి కొలుచుకోవాలి. ఎర్రను తిన్నగా వేలాడదీసి, కొక్కెం వంపు అడుగు ఎక్కడికి వస్తుందో చూసి, సరిగ్గా ఆ చోటే మొనను గుచ్చాలి.

ఈ కొలత తప్పితే ఎర్ర వంకరగా కూర్చుంటుంది. వంకర ఎర్ర నీళ్లలో లాగినప్పుడల్లా గిరగిరా తిరుగుతుంది, దారం మెలిపడుతుంది, బాస్ తన జీవితంలో ఎప్పుడూ చూడని కదలిక అది. ఒక మిల్లీమీటరు పైనో కిందో గుచ్చినా తేడా కంటికి కనిపిస్తుంది. ఒడ్డు దగ్గర, కాళ్ల ముందున్న నీటిలో ఓసారి లాగి చూసుకునే అలవాటు ఉన్నవాళ్లు ఈ పొరపాటును అక్కడే పట్టేస్తారు. చాలామంది చూడరు. రోజంతా తిరిగే ఎర్రతో గాలం వేసి, చేపలు లేవని వెళ్లిపోతారు.

మొనను ఎంత లోతుకు దించాలన్నది మరో నిర్ణయం. దట్టమైన కొమ్మల్లో పూర్తిగా ఒంట్లోనే ఉంచుతారు. కొంచెం పలచటి చోట్ల మొనను అవతలి వైపుకు పూర్తిగా తీసి, చివరి కొసను మళ్లీ పై పొరలో తగిలిస్తారు. ఇలా చేస్తే ముల్లు చీల్చుకు రావలసిన ప్లాస్టిక్ చాలా తక్కువ. లావుపాటి ఎర్రకు ఇది దాదాపు తప్పనిసరి, ఎందుకంటే ముల్లు ముందు ప్లాస్టిక్‌ను దాటాలి, ఆ తర్వాతే దవడ. దవడ పైభాగం గట్టి ఎముక.

కొక్కెం సైజు ఎర్ర పొడవును, మరీ ముఖ్యంగా లావును బట్టి మారుతుంది. 6, 7 అంగుళాల సన్నని ఎర్రకు 3/0 సరిపోతుంది. 10 అంగుళాలదానికి 5/0 వాడతారు. అసలు చూడాల్సింది కొక్కెం నడుముకూ మొనకూ మధ్య ఉన్న ఖాళీ. చేప దవడ మూసినప్పుడు ఎర్ర ముడుచుకుని ఆ ఖాళీలో పోగవుతుంది. పోగైన ప్లాస్టిక్‌కు చోటిచ్చాక కూడా మొన దిగడానికి జాగా మిగలాలి. మిగలకపోతే ఎర్ర మాత్రమే చేతికొస్తుంది, చేప మోడు కిందికి పోతుంది.

బరువు విషయంలో కొత్తవాళ్లు చేసే తప్పు ఎక్కువ పెట్టడం. పావు ఔన్సు, అంటే 7 గ్రాములు, చాలా చోట్లకు చాలు. గాలి లేని రోజు, లోతు లేని చోట దాన్లో సగం చాలు. తేలికైన ఎర్ర నెమ్మదిగా దిగుతుంది, బాస్ చాలాసార్లు అలా దిగుతుండగానే పీల్చేస్తుంది. నీళ్ల మీద చాపలా పరుచుకున్న నాచును చీల్చుకుని దిగాల్సినప్పుడు మాత్రం ఔన్సుకు పైన పెడతారు. ఆ బరువు నాచుకు తూటు పెట్టి ఎర్రను కింది నీడలోకి చేరుస్తుంది.

బరువు దారం మీద జారుతూ ఉండాలా, ఎర్ర తలకు ఆని ఆగిపోవాలా అన్నది వాదం కాదు, చోటు తేల్చే విషయం. జారే బరువైతే బాస్ ఎర్రను పీల్చినప్పుడు దారం బరువు గుండా సాగుతుంది, చేపకు ఆ భారం తెలియదు. మోడుల మధ్య మాత్రం బరువు కొమ్మకు ఒకవైపు, ఎర్ర మరొకవైపు వేలాడిపోతాయి. అక్కడ చిన్న రబ్బరు బిరడాతో బరువును ఆపేస్తారు. వెనకటి తరం వాళ్లు టూత్‌పిక్ ముక్కను దూర్చి విరిచేసేవారు.

ఆ బరువు దేనితో చేసిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, టంగ్‌స్టన్‌ది 19.3. అదే బరువుకు టంగ్‌స్టన్ గుండు చాలా చిన్నది, నాచులో తేలిగ్గా దూరుతుంది. సీసం మెత్తన, టంగ్‌స్టన్ గట్టి. అందుకే అడుగున రాయి తగిలిందా, కర్ర తగిలిందా, బురదా అన్నది దారం గుండా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ధర మాత్రం చాలా ఎక్కువ. అయినా సీసాన్ని వదిలెయ్యడానికి మరో బలమైన కారణం ఉంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల సరస్సుల్లో లూన్ అనే నీటిపక్షి అడుగున ఉన్న గులకరాళ్లను మింగుతుంది, మేతను కడుపులో నూరుకోవడానికి. వాటితో పాటు తెగిపడ్డ చిన్న సీసపు గుండు ఒక్కటి లోపలికి పోయినా చాలు, పక్షి విషమెక్కి చచ్చిపోతుంది. న్యూ హాంప్‌షైర్‌తో మొదలై ఆ ప్రాంతంలోని పలు రాష్ట్రాలు చిన్న సీసపు గుళ్లను నిషేధించాయి. నిషేధం లేని చోట కూడా టంగ్‌స్టన్ కొనగలిగినవాళ్లు కొనడమే న్యాయం.

చిక్కులు లేని లోతైన నేలమీద కథ మారుతుంది. వేసవి ఎండలకు బాస్ ఒడ్డు వదిలి, పాత వాగు గట్లు, మునిగిన రోడ్ల అంచులు పట్టుకుని లోతుకు పోతుంది. అక్కడ వెతకాల్సిన నేల ఎక్కువ. దానికి పుట్టింది కరోలినా రిగ్. ఇందులో బరువు ఎర్ర దగ్గర ఉండదు. ముప్పాతిక ఔన్సు బరువును దారానికి ఎక్కించి, దాని కింద ఒక పూస, ఒక మెలికకొండి (స్వివెల్), అక్కణ్ణుంచి రెండుమూడు అడుగుల విడి దారం, దాని చివర ఎర్ర. బరువు అడుగున దేకుతూ, దుమ్ము లేపుతూ, పూసకు కొట్టుకుని టకటకమంటూ పోతుంటే ఎర్ర ఆ వెనకాలే, నేలకు కాస్త పైన, ఏ బరువూ లేనిదానిలా తేలుతూ వస్తుంది. పీల్పు లెక్క ప్రకారం బాస్‌కు ఇంతకంటే తేలిక ఎర లేదు. 1985లో ఆర్కన్సా నదిలో జరిగిన బాస్‌మాస్టర్ క్లాసిక్ పోటీలో అలబామాకు చెందిన జాక్ ఛాన్సలర్ ఈ పద్ధతితోనే గెలిచాడు. ఆయన ఎర్ర పేరు ‘డూ నథింగ్’. 4 అంగుళాల తిన్నని ప్లాస్టిక్ పుల్ల, తోక లేదు, ఊపు లేదు. ఆ గెలుపు తర్వాత దేశమంతా కరోలినా రిగ్ కట్టింది.

1990లలో గ్యారీ యమమోటో తెచ్చిన సెంకో అనే ఎర్ర ఆ దారిలోనే ఇంకో అడుగు. పెన్సిలంత లావు, రెండు వైపులా సన్నబడే కడ్డీ, లోపల దండిగా ఉప్పు. ఉప్పు సాంద్రత నీటికి రెండింతలు కాబట్టి బయట ఏ బరువూ కట్టనక్కర్లేదు. దాన్ని సరిగ్గా నడుము దగ్గర, మొన బయటికే ఉండేలా కొక్కేనికి గుచ్చితే అది వాకీ రిగ్. వదిలేస్తే అడ్డంగానే దిగుతూ రెండు కొసలనూ సన్నగా ఊపుతుంది. గాలం వేసినవాడు ఏమీ చేయనక్కర్లేదు, చేస్తేనే చెడుతుంది. ముళ్ల చెట్ల మధ్య ఇది పనికిరాదు. పడవల రేవుల నీడలో, తేటనీటిలో, అప్పటికే నాలుగు రకాల గాలాలు చూసి బెదిరిన చేపల మీద ఇది పనిచేసినంతగా మరేదీ చేయదని చాలామంది అనుభవం.

ఇక రంగు. దుకాణాల గోడలు నిండేది రంగులతోనే. గుమ్మడికాయ పచ్చ, పుచ్చకాయ పచ్చ, నలుపులో నీలం, ముదురు ఊదా. వీటిలో ఎన్ని బాస్ కంటికి కనిపిస్తాయి? 2019లో ఇలినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు లార్జ్‌మౌత్ బాస్ కంటిని పరీక్షించి, ఆపై చేపలకే రంగుల పరీక్ష పెట్టి ఒక వ్యాసం ప్రచురించారు. బాస్ కంట్లో రంగును గుర్తించే కణాలు రెండే రకాలు. ఒకటి ఎరుపు వైపు, రెండోది ఆకుపచ్చ వైపు స్పందిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చలను చక్కగా వేరుచేయగలవు. నీలానికీ నలుపుకీ తేడా, నిమ్మపసుపుకీ తెలుపుకీ తేడా పట్టుకోవడం మాత్రం వాటికి కష్టం. పెట్టెలో ఇరవై రంగులు మోయడం కంటే పచ్చ ఛాయ ఒకటి, నలుపు ఒకటి పెట్టుకుని, మిగతా డబ్బు మంచి కొక్కేల మీద పెట్టమని ఈ పరిశోధన చెప్పకపోయినా, చదివినవాళ్లు ఆ నిర్ణయానికి రావడం సమంజసం. తేటనీటిలో పచ్చ, బురదనీటిలో గీత స్పష్టంగా కనిపించే నలుపు.

బురదనీటిలో కన్ను ఎంతో సాయం చేయదు. అక్కడ పనిచేసేది పార్శ్వ రేఖ. మొప్పల నుంచి తోక దాకా రెండు పక్కలా సాగే ఈ గీతలో నీటి కదలికను పసిగట్టే సూక్ష్మ అవయవాలు వరసగా ఉంటాయి. జేన్ గార్డినర్, ఫిలిప్ మోటా అనే శాస్త్రవేత్తలు 2012లో ఒక ప్రయోగం ప్రచురించారు. చూపు లేకుండా చేసినా బాస్ ఎరను పట్టింది, కాకపోతే మరింత దగ్గరికి వచ్చి, పీల్పు మీద ఎక్కువ ఆధారపడి. చూపునూ పార్శ్వ రేఖనూ రెండింటినీ ఆపేస్తే తినడమే మానేసింది. మురికినీటిలో వంపు తోక, రెక్కల తోక ఉన్న ఎర్రలు ఎందుకు మెరుగో, తేటనీటిలో ఏ ఊపూ లేని తిన్నని ఎర్ర ఎందుకు నెగ్గుతుందో ఇక్కడ అర్థమవుతుంది.

పెద్ద ఎర్ర పెడితే పెద్ద చేప పడుతుందా? కొంతవరకే. బాస్ తన నోట్లో పట్టినంతే మింగగలదు కాబట్టి 10, 12 అంగుళాల ఎర్ర చిన్నచేపలను దూరం పెడుతుంది. పెద్దచేపకు ఒక్క కదలికలో దొరికే పెద్ద ముద్ద కూడా లాభమే. కానీ వానపాము ఆకారం సన్నన, ఎంత పొడవైనా ముడుచుకుని లోపలికి పోతుంది. అందుకే అరకిలో బాస్ కూడా అప్పుడప్పుడు తన పొడవంత ఎర్రతో పైకి వచ్చి అందర్నీ ఆశ్చర్యపరుస్తుంది. ఇంకో నిజం కూడా చెప్పాలి. ప్రపంచ రికార్డులు ఎర్రలతో రాలేదు. 1932 జూన్ 2న జార్జియాలోని మాంట్‌గోమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ చెక్క ఎరకు పడింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దానితో సమంగా నిలిచిన చేపను బతికున్న బ్లూగిల్ చేపతో పట్టాడు. టెక్సస్ రికార్డు 18.18 పౌండ్లు, 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో, అదీ బతికున్న చిన్నచేపకే.

ప్లాస్టిక్ ఎర్ర గొప్పతనం ఆ ఒక్క చేపలో లేదు. ఎవరూ చేరలేని చోటికి, ఎవరూ వేయనంత నెమ్మదిగా, మళ్లీ మళ్లీ వెళ్లగలగడంలో ఉంది. పెద్ద చేపంటే ఎన్నో ఏళ్లు గాలాలను తప్పించుకుని బతికిన చేప. ఇలినాయ్‌లోని రిడ్జ్ లేక్‌లో డేవిడ్ ఫిలిప్ బృందం చేసిన సుదీర్ఘ ప్రయోగం దీనికి మంచి రుజువు. ఆ చెరువులో పట్టిన ప్రతి బాస్‌కూ గుర్తు వేసి మళ్లీ వదిలారు. నాలుగేళ్ల తర్వాత చెరువు ఖాళీ చేస్తే 1,700కు పైగా చేపలు దొరికాయి. వాటిలో దాదాపు 200 ఆ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా గాలానికి పడలేదు. కొన్ని మాత్రం పదేపదే పడ్డాయి. తేలిగ్గా పడేవాటిని ఒక వంశంగా, పడనివాటిని మరో వంశంగా పెంచుతూ పోతే తరతరానికీ తేడా పెరిగింది. గాలానికి పడే గుణం కొంత వారసత్వంగా వస్తుందని 2009లో ఆ బృందం ప్రకటించింది. తేలిగ్గా పడే మగచేపలే గూడును, పిల్లలను మరింత శ్రద్ధగా కాపాడతాయన్నది ఆ పరిశోధనలో మనసును తాకే విషయం. వాటిని తీసేస్తూ పోతే చెరువుకు మిగిలేది ఎలాంటి తండ్రులో ఊహించుకోవచ్చు.

మంచి చేపలను తీసెయ్యకుండా మిగల్చాలన్న ఆలోచనను టెక్సస్ ప్రభుత్వం ఆచరణలో పెట్టింది. డాలస్‌కు తూర్పున గంటన్నర దూరంలో, దాదాపు 27 వేల ఎకరాల లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న ఏ బాస్‌నైనా నీళ్లలోకి తిరిగి వదలాల్సిందేనన్న నియమం ఏళ్ల తరబడి ఉంది. గుడ్లు పెట్టే వయసు చేపలు మిగలాలన్నదే దాని ఉద్దేశం. 1986లో అక్కడే పట్టిన 17.67 పౌండ్ల ఆడచేపతో రాష్ట్రం షేర్‌లంకర్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 13 పౌండ్లు దాటిన బాస్‌ను గుడ్లు పెట్టే కాలంలో ప్రాణంతో అప్పగిస్తే, ఏథెన్స్ పట్నంలోని కేంద్రంలో గుడ్లు పెట్టించి, పిల్లలను జలాశయాల్లో వదిలి, తల్లిని తిరిగి ఇచ్చేస్తారు. ఇంత బరువుకు ఎదిగేవి ఆడచేపలే కాబట్టి తల్లి అనే మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ జలాశయాలన్నీ వారాంతపు దూరమే. 17 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్స్ ఉండాలి, చెరువు చెరువుకూ కొలతల నియమాలు వేరు. చిన్నప్పుడు కాలువగట్ల మీద వానపాము గుచ్చి గాలం వేసినవాళ్లకు టెక్సస్ రిగ్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది ముల్లును దాచడం ఒక్కటే. స్వదేశంలోనూ దీనికి జోడు ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను కూడా తూటికాడ కింద, నాచు కింద పొంచి ఉండే వేటగాడే. దాని కోసం మన గాలగాళ్లు వాడే మెత్తని కప్ప బొమ్మల్లో కూడా మొనలు ఒంటికి అతుక్కుని దాగి ఉంటాయి, చేప నొక్కితేనే పైకి లేస్తాయి. కొర్రమీను పళ్లు పదునైనవి కాబట్టి సన్నని ఎర్ర ఎక్కువసేపు నిలవదు. ఆటకు బాగుంటుంది కదా అని బాస్‌ను మన చెరువుల్లోకి తేవాలన్న కోరిక మాత్రం ఎవరికీ పుట్టకూడదు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 పరదేశీ జీవుల జాబితాలో లార్జ్‌మౌత్ బాస్ ఉంది. 1925లో బాస్‌ను తెచ్చుకున్న జపాన్ ఈనాటికీ దానితో వేగుతూనే ఉంది. కురిటా రికార్డు కొట్టిన బివా సరస్సులో పట్టిన బాస్‌ను తిరిగి నీటిలో వదలడం మీదే నిషేధం ఉంది.

టెక్సస్‌లో మాత్రం వదలడమే ధర్మం, వదిలిన చేప బతకాలి. ఎర్రతో ఉన్న పెద్ద ప్రమాదం దాని మెత్తదనమే. గట్టి ఎరను వెంటనే ఉమ్మేసే చేప మెత్తని ఎర్రను కాసేపు నోట్లోనే ఉంచుకుంటుంది. దారం వదులుగా ఉంటే, ముఖ్యంగా వాకీ రిగ్‌లో, ముల్లు గొంతులోకి పోతుంది. టకామని చేతికి తగిలినా, దారం ఉన్నట్టుండి పక్కకు నడిచినా వదులు చుట్టేసి వెంటనే లాగాలి. బాస్ బాగా మింగేదాకా ఆగాలన్న పాత సలహా చేపల ప్రాణం తీసింది. గొంతులో దిగిన ముల్లును పెరికే కంటే దారం దగ్గరగా కత్తిరించి వదిలేస్తే బతికే అవకాశం ఎక్కువ. పెద్ద చేపను కింది దవడ పట్టుకుని అడ్డంగా వేలాడదీయకూడదు, రెండో చెయ్యి పొట్ట కింద ఉండాలి.

చిరిగిన ఎర్ర సంగతి కూడా ఉంది. ఒకటిరెండు చేపలకే తల చీలిపోతుంది, చెయ్యి అలవాటుగా దాన్ని నీళ్లలోకి విసిరేస్తుంది. మెయిన్ రాష్ట్రంలో శాస్త్రవేత్తలు ట్యాంకుల్లో పెంచిన బ్రూక్ ట్రౌట్ చేపల ముందు అలాంటి మెత్తని ఎరలను వేసి చూశారు. ఆ ఫలితాలు 2009లో వచ్చాయి. చాలా చేపలు వాటంతట అవే తినేశాయి. తిన్నది అరగలేదు, వారాల తరబడి కడుపులోనే ఉండిపోయింది, చేపల బరువు తగ్గింది. పీవీసీ చెరువు అడుగున ఏళ్ల తరబడి కరగకుండా ఉంటుంది. పడవలో మూతబిగించే ఖాళీ సీసా ఒకటి పెట్టుకుని చిరిగిన ఎర్రలన్నీ అందులో వేసుకునేవాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు. వాటిని ఇంటి దగ్గర మళ్లీ కరిగించి, అచ్చులో పోసి, కొత్త ఎర్రలు చేసుకునేవాళ్లూ ఉన్నారు. కరిగించేటప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. క్రీమ్ దంపతుల్లా వంటింట్లో కాకుండా ఆరుబయట, గాలి ఆడేచోట, కళ్లద్దాలు పెట్టుకుని ఆ పని చేయాలి.